పైపు నిలువునా ఎందుకు చీలుతుంది

మా చిన్నప్పుడు మిరప చేనుకి తడి పెట్టాలంటే కాలవ గట్టు మీద ఆయిలింజను దించి, అక్కణ్ణించి చేను మధ్యదాకా డెలివరీ పైపు పరిచేవాళ్లు. సాగర్ కుడి కాలవ కింద చివరి భూములు మావి. నీళ్లు మా దాకా వచ్చేది వారంలో ఒకటి రెండు రోజులే. ఆ రోజుల్లో ఇంజను ఆగకూడదు, పైపు పగలకూడదు. ఇంజను బాగానే ఆడేది గానీ పైపు మాత్రం పగిలేది. మడత పడి నలిగిన చోట బుడగలా ఉబ్బి, టప్పున చీలి, నీళ్లు మనిషెత్తు లేచేవి. నాన్న పరిగెత్తుకుంటూ వెళ్లి చీలిక మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి పురికొసతో బిగించేవాడు.

ఆ చీలిక ఎప్పుడు చూసినా నిలువునానే ఉండేది. జానెడో మూరెడో, పైపు పొడుగునా తిన్నగా తెరుచుకునేది. అడ్డంగా తెగి రెండు ముక్కలైన పైపుని నేను ఒక్కసారి కూడా చూళ్లేదు. ఓ రోజు అడిగాను, “ఎప్పుడూ పొడుగునే ఎందుకు చీలుద్ది నాన్నా?” అని. “పొడుగున దానికి బలం తక్కువరా” అన్నాడు, ముడి బిగిస్తూనే.

చాలా ఏళ్ల తర్వాత, బలాల లెక్కలు చదువుకునేటప్పుడు ఆ మాటలో పొరపాటు ఎక్కడుందో దొరికింది. పైపు గోడకి రెండు వైపులా బలం ఇంచుమించు ఒకటే. తేడా దాని మీద పడే లాగుడులో ఉంది. పైపుని మనసులో వెదురు చీల్చినట్టు నిలువునా రెండు బద్దలు చెయ్యండి. లోపలి నీరు ఆ రెండు బద్దల్నీ విడదియ్యాలని తోస్తుంది. ఆపేది రెండంచుల గోడ మాత్రమే. ఇప్పుడు చెరుకు గడ నరికినట్టు అడ్డంగా కొయ్యండి. నీరు ముందుకి తోస్తుంటే ఆపడానికి చుట్టూ ఉన్న గోడంతా ఉంది. లెక్క వేస్తే నిలువు చీలికని ఆపే గోడ మీద పడే లాగుడు, అడ్డ చీలికని ఆపే గోడ మీద పడేదానికి సరిగ్గా రెండింతలు. సన్నదైనా లావుదైనా, గుడ్డదైనా ఇనపదైనా, పల్చటి గోడ ఉన్న ఏ గుండ్రటి పైపుకైనా ఇంతే.

ఘన ఇంధనంతో నడిచే రాకెట్టు కూడా పైపే. ఒక చివర మూసి ఉంటుంది, రెండో చివర సన్నటి మూతి ఉంటుంది, లోపల ఇంధనం మండుతుంటుంది. వాయువు ఆ మూతిలోంచి ఎంత వేగంగా దూసుకుపోయినా లోపల పీడనం పదుల వాతావరణాల్లో ఉంటుంది. 37.5 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గొట్టంలో 50 వాతావరణాల పీడనం ఉందనుకోండి. గొట్టం పొడుగున ప్రతి సెంటీమీటరు దగ్గరా రెండు గోడల్నీ విడదియ్యడానికి దాదాపు 19 క్వింటాళ్ల బలం పనిచేస్తుంది. గుంటూరు యార్డు లెక్కలో చెప్పాలంటే నలభై పైచిలుకు మిర్చి టిక్కీల, అంటే బస్తాల, బరువు, వేలి గోరంత పొడుగు మీద!

37.5 అనే అంకె ఊరికే వేసింది కాదు. 2022 నవంబరు 18 ఉదయం 11:30కి శ్రీహరికోట నుంచి లేచిన విక్రమ్-ఎస్ రాకెట్టు అడ్డకొలత అది. (పీడనం మాత్రం నేను ఉదాహరణకి వేసుకున్నది.) ఎత్తు ఆరు మీటర్లు, బరువు 545 కిలోలు. హైదరాబాదులో 2018లో పుట్టిన స్కైరూట్ ఏరోస్పేస్ తయారుచేసింది. దాన్ని స్థాపించిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ అంతకుముందు ఇస్రోలో పనిచేసినవాళ్లు. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ కట్టిన రాకెట్టు ఆకాశంలోకి లేవడం అదే మొదలు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి, 121.2 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. మొత్తం ఐదు నిమిషాల్లోపు పని. అంతా అనుకున్నట్టే జరిగిందని, ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ అధ్యక్షుడు పవన్ గోయెంకా ఆ రోజు ప్రకటించారు.

ఈ అధ్యాయమంతా ఆ ‘అనుకున్నట్టే’ గురించి. ఎన్నడూ ఎగరని వస్తువు ఇంత ఎత్తుకి వెళ్తుందని, ఇంత దూరంలో పడుతుందని, దాని గోడ నిలువునా చీలదని ముందే ఎలా అనుకోగలిగారు? ఇస్రోకి ఉన్నన్ని దశాబ్దాల అనుభవం లేని, ఒక పైపు పగిలితే మళ్లీ కొనుక్కోవడానికి డబ్బు చూసుకోవాల్సిన చిన్న కంపెనీ, ఎలా?

విక్రమ్-ఎస్ గోడ ఇనుముతో చేసింది కాదు, కార్బన్ ఫైబరుతో చేసింది. అంటే నూలుపోగు వంటి పోగులతో.

పత్తి పండించే నేల మీద పుట్టినవాళ్లకి పోగు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పింజ పొడుగుంటే దారం గట్టిగా వస్తుంది, ధర పలుకుతుంది. దారానికి బలమంతా పొడుగునే. పక్కకి దానికి బలమే లేదు. కార్బన్ పోగు గుణం కూడా ఇదే, కాకపోతే ఎన్నో రెట్లు మొండిగా. అయిదు నుంచి ఏడు మైక్రాన్ల మందం, మన తల వెంట్రుకలో పదో వంతు. ఇప్పుడు దీన్ని ఎక్కువగా ఆక్రిలిక్ జాతి పోగునుంచి చేస్తున్నారు. ముందు గాలిలో రెండు మూడు వందల డిగ్రీల దగ్గర వేయించి, తర్వాత గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే కార్బన్ తప్ప మిగతావన్నీ పోతాయి. కానీ ఈ కథ మొదలైంది నూలుతో. 1879లో ఎడిసన్ బల్బులో వెలిగిన తీగ, కాల్చి బొగ్గు చేసిన నూలుదారం. ఎనభై ఏళ్ల తర్వాత అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి కార్బన్ పోగుల్ని రేయాన్ నుంచి తీశారు. రేయాన్‌లో ఉండేది సెల్యులోజు, మన పత్తికాయలో ఉన్న పదార్థమే. అమెరికా స్పేస్ షటిల్ ముక్కుమీది కవచానికి కూడా మూలం కాల్చిన రేయాన్ గుడ్డే. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లు పక్కనించి వెళ్తున్నప్పుడల్లా నాకు ఈ చుట్టరికం గుర్తొస్తుంది.

సరే, దారాన్ని పైపు మీద ఎటు చుట్టాలి? పొడుగునా పరిస్తే నిలువునా చీలుతుంది. అడ్డంగా, అంటే గాజులు వేసినట్టు చుడితే చివరలు ఊడి వస్తాయి. ఏటవాలుగా చుట్టాలి. ఎంత ఏటవాలు? లాగుడు అడ్డంగా రెండు పాళ్లు, పొడుగునా ఒక పాలు అని ఇందాకే తెలిసింది. కాబట్టి దారం ఇచ్చే బలం కూడా అదే పాళ్లలో పంచుకుపోవాలి. ఆ షరతు పెట్టి లెక్క కడితే గొట్టం నడిమి గీతకి 54.7 డిగ్రీల కోణం వస్తుంది. కాగితం మీద నాలుగు వరుసల లెక్క. ఈ కోణంలో అటూ ఇటూ అల్లినట్టు చుట్టిన గొట్టంలో ప్రతి పోగూ తన వంతు మోస్తుంది. మొదటిసారి ఈ అంకె వచ్చినప్పుడు మళ్లీ ఆ కాలవ గట్టు మీదికి పోయి నాన్నకి చూపించాలనిపించింది.

ఇంతవరకూ కలం, కాగితం చాలు. కష్టం చివరల్లో మొదలవుతుంది. రాకెట్టు గొట్టం రెండు చివరలా గుమ్మటంలా వంపు తిరుగుతుంది. ఆ వంపు మీద 54.7 పనికిరాదు. బొంగరానికి తాడు చుట్టిన ప్రతి పిల్లవాడికీ ఈ సంగతి తెలుసు. కడుపు దగ్గర ఎలా చుట్టినా నిలుస్తుంది, మేకు వైపు సన్నబడే చోట తాడుని దాని దారిన పోనివ్వాలి, మన ఇష్టానికి తిప్పితే జారిపోతుంది. కార్బన్ పోగుకి కూడా ఒంపు తిరిగిన తలం మీద జారని దారి ఒకటుంటుంది. అది రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి. గుమ్మటం మీద ప్రతి అంగుళానికీ ఆ దారి కోణం మారుతుంది, ఒక పొర మీద ఇంకో పొర పడేకొద్దీ మందం మారుతుంది, మందం మారితే బలం మారుతుంది. దీనికి తోడు మూతి బిగించే కన్నం, పై భాగం అతికే అంచు, ఒక్కోచోట ఒక్కో వేడి. వందల చుట్లు, ప్రతి చుట్టుకీ ఒక కోణం. ఇక్కడ చేతి లెక్క చేతులెత్తేస్తుంది. సాఫ్ట్‌వేర్ అవసరం ఇక్కడ మొదలవుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి మళ్లీ చేలోకే వెళ్దాం. ఎగుడుదిగుడుగా ఉన్న రెండెకరాల చేనుకి తడి పెట్టాలి. మొత్తం చేను మీద నీరు ఎలా పారుతుందో ఒక్క చూపులో ఎవరూ చెప్పలేరు. అందుకని మడులు కడతాం. ఒక్కో మడీ చిన్నది, దాదాపు సమంగా ఉంటుంది. ఈ మడిలోకి ఎంత వచ్చింది, నిండాక పక్క మడిలోకి ఎంత పోతుంది అన్నది చెప్పడం తేలిక. అన్ని మడుల లెక్కా కలిపితే చేను లెక్క తేలుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటే ఇదే. రాకెట్టు గోడని వేల, లక్షల చిన్న చిన్న తునకలుగా విడదీస్తారు. ఒక్కో తునకకీ తేలిక సమీకరణం. పక్క తునకతో కలిసే చోట రెండూ ఒకే మాట చెప్పాలన్నది షరతు. అన్నింటినీ ఒకేసారి సాధించేది కంప్యూటరు. 1950లలో విమానం రెక్కలు ఎంత వంగుతాయో లెక్కగట్టడానికి అమెరికాలో ఇంజనీర్లు దీన్ని రూపొందించారు. 1960లో వాళ్లలో ఒకడైన రే క్లఫ్ దానికి ఆ పేరు పెట్టాడు. ఆ దశాబ్దంలోనే నాసా తన నౌకల కోసం నాస్ట్రాన్ అనే ప్రోగ్రాం రాయించి, తర్వాత బయటి పరిశ్రమలకీ ఇచ్చింది. ఈనాడు కారు తలుపు నుంచి వంతెనదాకా లెక్కగట్టే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ వంశంతో సంబంధం ఉంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్ ఫీస్ట్ పేరుతో మన సొంత ప్రోగ్రాం తయారుచేసుకుంది. గాలి ప్రవాహాల లెక్కకి ప్రవాహ అనే ఇంకొకటి కూడా అక్కడే పుట్టింది.

మడి ఎంత చిన్నదైతే అంత మేలు. పెద్ద మడి కట్టి మధ్యలో ఉన్న మెరకని పట్టించుకోకపోతే అక్కడ మొక్క ఎండుతుంది. ఇంజనీరింగులో దీని ఫలితం ఎంత దారుణంగా ఉంటుందో 1991 ఆగస్టు 23న నార్వేలో తెలిసింది. సముద్రంలో గ్యాసు బావుల మీద నిలబెట్టాల్సిన స్లీప్నర్-ఎ వేదిక అడుగుభాగాన్ని, ఆకాశహర్మ్యమంత కాంక్రీటు కట్టడాన్ని, పరీక్ష కోసం నీళ్లలోకి దించుతున్నారు. ఒక గోడ పగిలింది. కాసేపటికి మొత్తం కట్టడం మునిగి అడుగున ముక్కలు ముక్కలైంది. అదృష్టం, ఎవరికీ ప్రాణం పోలేదు. విచారణలో తేలిందేమిటంటే ఆ గోడలు కలిసే మూల దగ్గర కంప్యూటరు మోడల్లో తునకలు మరీ పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. అక్కడ పడే కోత బలాన్ని 47 శాతం తక్కువ చూపించాయి. తర్వాత అదే మూలని చిన్న తునకలుగా చేసి మళ్లీ లెక్కగడితే 62 మీటర్ల లోతులో గోడ పోతుందని వచ్చింది. నిజంగా పోయింది 65 మీటర్ల దగ్గర. ప్రోగ్రాంలో తప్పు లేదు. మడులు కట్టిన మనిషి ఆ మూలకి వెళ్లి చూడలేదు.

ఈ కథని నేను స్టార్టప్‌ల గురించి మాట్లాడే ప్రతిచోటా చెబుతుంటాను. తెర మీద రంగురంగుల బొమ్మ చాలా నమ్మకంగా కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ, నీలంగా ఉన్నచోట తక్కువ. అంత అందంగా ఉన్నది అబద్ధం చెబుతుందని కుర్ర ఇంజనీరుకి తోచదు. తునకల్ని సగం చేసి మళ్లీ నడిపి, జవాబు మారలేదని చూసుకున్నాకే ఆ బొమ్మని నమ్మాలి.

చిన్న కంపెనీకి ఈ సాధనాలు అందడం ఈమధ్య మాట. ఒకప్పుడు ఇంత లెక్క చెయ్యాలంటే గదంత కంప్యూటరు ఉండాలి, అది ప్రభుత్వ సంస్థల దగ్గరే ఉండేది. ఇప్పుడు లెక్కించే శక్తి బాడుగకి దొరుకుతుంది. దుక్కి సీజన్లో ట్రాక్టరుని గంటకింతని పెట్టుకున్నట్టు, ఎక్కడో ఉన్న వందల ప్రాసెసర్లని ఒక రాత్రికి పెట్టుకుని, తెల్లారేసరికి జవాబు తీసుకుని వదిలెయ్యొచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్ల లైసెన్సు ఖరీదు ఇప్పటికీ ఎక్కువే. అందుకే కొన్ని కంపెనీలు స్టార్టప్‌లకి తక్కువ ధరకి ఇస్తున్నాయి. అహ్మదాబాదు బోపల్‌లో ఇన్‌స్పేస్ పెట్టిన డిజైన్ ల్యాబులో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఏర్పాటుచేసి ప్రైవేటువాళ్లని వచ్చి వాడుకోమంటున్నారు. ఖర్చే లేనివీ ఉన్నాయి. కక్ష్యల లెక్కకి నాసా రాసిన జీమ్యాట్, గాలి ప్రవాహానికి ఓపెన్‌ఫోమ్, సర్క్యూట్ బోర్డులకి కైక్యాడ్, వీటిని ఎవరైనా దించుకోవచ్చు. ఒంగోలు ఇంజనీరింగు కాలేజీలో రెండో ఏడు చదివే అమ్మాయి కూడా సాయంత్రం హాస్టల్లో కూర్చుని ఒక ఉపగ్రహాన్ని చంద్రుడి దగ్గరికి పంపించి చూడొచ్చు. అది నిజంగా చేస్తున్న పిల్లలున్నారు, నేను చూశాను.

ఇంకో మేలు అంతగా కనపడదు గానీ చిన్న జట్టుకి అదే ప్రాణం. ఒక రాకెట్టులో బొల్టు చోటు అరంగుళం జరిపితే దాని పక్క తీగ మారాలి, తీగ మారితే బరువు మారుతుంది, బరువు మారితే మొత్తం రాకెట్టు బరువు కేంద్రం జరుగుతుంది, దాంతో ఎగిరే దారి జరుగుతుంది. పూర్వం ఈ మార్పు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి కాగితాల మీద నడిచి వెళ్లేది. ఇప్పుడు ఒకే మోడల్‌ని అందరూ చూస్తుంటారు. ఒకరు బొల్టు జరిపితే మిగతావాళ్ల లెక్కలో ఆ సాయంత్రమే తేడా కనిపిస్తుంది. ఒకే లెక్కలో అందరూ ఉండడం ఎంత ముఖ్యమో చెప్పడానికి 1999లో పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ చాలు. భూమ్మీద ఒక ప్రోగ్రాం థ్రస్టర్ల తోపుని పౌండ్లలో ఇస్తే, దాన్ని తీసుకున్న ఇంకో ప్రోగ్రాం న్యూటన్లు అనుకుంది. తేడా నాలుగున్నర రెట్లు. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్లి నాశనమైంది. ఊరికో పుట్టి కొలత ఉన్న నేల మీద పెరిగినవాళ్లం, ఈ పొరపాటు ఎలా జరుగుతుందో మనకి వేరే చెప్పాలా?

ఎన్నిసార్లైనా పగలగొట్టి చూసుకోవచ్చు, నేను ఈ సాధనాల్లో అన్నిటికన్నా విలువైనదిగా చూసేది ఆ స్వేచ్ఛనే. నాన్నకి ఒక్క పైపే ఉండేది. అది చీలితే ఆ రోజు తడి పోయినట్టే. తెర మీద ఒక ఉదయం వంద గొట్టాల్ని పగలగొట్టొచ్చు. గోడ మందం తగ్గించి ఒకసారి, చుట్టే కోణం మార్చి ఒకసారి, మూతి దగ్గర వేడి పెంచి ఒకసారి. ఎగిరే దారిని కూడా అంతే, గాలి వేగం కొంచెం ఇటు, ఇంధనం మండే తీరు కొంచెం అటు చేసి వేలసార్లు ఎగరేసి చూస్తారు. వేల దారులూ సముద్రంలో సురక్షితమైన చోటే పడుతున్నాయని చూపించాకే అసలు రాకెట్టుకి అనుమతి దొరుకుతుంది. విక్రమ్-ఎస్‌ని బొంగరంలా తిప్పుతూ పంపారు. త్రీడీ ప్రింటింగుతో చేసిన నాలుగు చిన్న థ్రస్టర్లు దాన్ని తిప్పాయి. తోపు ఒక వెంట్రుకవాసి పక్కకి ఉన్నా, తిరుగుతున్న రాకెట్టులో ఆ తప్పు ఒకే వైపు పోగుపడదు, చుట్టూ పంచుకుపోతుంది. ఎంత వేగంగా తిప్పితే చాలో కూడా ముందు తెర మీద తేల్చుకోవాల్సిందే.

అయితే తెర మీద పగలగొట్టడానికి ముందు ఆ పోగు ఎంత లాగితే తెగుతుందో కంప్యూటరుకి ఎవరో చెప్పాలి. అది దానికదే తెలుసుకోలేదు.

గుంటూరు మిర్చి యార్డులో ఉదయం పూట నిలబడి చూడండి. కొనుగోలుదారు ఒక టిక్కీ దగ్గర ఆగుతాడు. గోనె మూల చీల్చి లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు, పైన పరిచిన మంచి కాయల్ని కాదు, లోతునుంచి. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండింది. తుంచి చూస్తాడు, విరుగుతుందా వంగుతుందా అని. తాలు ఎంత ఉందో అరచేతిలో పరిచి చూస్తాడు. ఆ గుప్పెడుని బట్టి బండెడు సరుకు ధర తేలుతుంది. కార్బన్ ఫైబరు పనిలోనూ ఇదే జరుగుతుంది. గొట్టం చుట్టేటప్పుడే, అదే పోగుతో, అదే జిగురుతో, అదే ఓవెన్లో పక్కన ఒక పలక కూడా చేస్తారు. దాన్ని బద్దలుగా కోసి, యంత్రం దవడల మధ్య పెట్టి తెగేదాకా లాగుతారు. పది బద్దలు లాగితే పది రకాల అంకెలు వస్తాయి. సగటు తీసుకోరు. బాగా దిగువన ఉండే అంకెనే డిజైనుకి వాడతారు. జిగురు పట్టించిన కార్బన్ గుడ్డని సున్నాకి 18 డిగ్రీల దిగువన గడ్డకట్టే చలిలో దాస్తారు. బయటికి తీసిన ప్రతి గంటా పుస్తకంలో రాస్తారు. గంటలు మించితే ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పక్కన పడెయ్యాల్సిందే. మన కోల్డు స్టోరేజీల్లో కాయ రంగు పోకుండా దాచుకునే రైతుకి ఈ జాగ్రత్త అర్థమవుతుంది.

బద్దల తర్వాత చిన్న మోటారు, ఆ తర్వాత పెద్దది. స్కైరూట్ ఈ మెట్లన్నీ ఎక్కింది. 2020 డిసెంబరులో కలాం-5 అనే చిన్న మోటారుని నేలకి బిగించి మండించారు. 2024 మార్చి 27న శ్రీహరికోటలో కలాం-250ని 85 సెకన్లు మండించారు. 2025 ఆగస్టు 8న కలాం-1200 వంతు వచ్చింది. విక్రమ్-1 అనే పెద్ద రాకెట్టుకి మొదటి దశ అది. 11 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల అడ్డకొలత, ఒకే ముక్కగా చుట్టిన కార్బన్ గొట్టం, లోపల 30 టన్నుల ఇంధనం. 110 సెకన్లు మండింది. ఇలాంటి పరీక్షలో మోటారు ఒంటినిండా సెన్సార్లు అంటిస్తారు. ఎక్కడ ఎంత సాగింది, ఎక్కడ ఎంత వేడెక్కింది అన్నది సెకనులో వేలసార్లు రాసుకుంటారు. ఆ రాతని మోడల్ ముందే చెప్పిన రాతతో పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండు గీతలూ ఎక్కడ విడిపోయాయో అక్కడ కొత్త సంగతి ఉన్నట్టు. మోడల్ని సరిచేసి, సరిచేసిన మోడల్‌తో తర్వాతి మెట్టుకి వెళ్తారు.

విక్రమ్-ఎస్ మోసుకెళ్లిన మూడు పరికరాల్లో ఒకటి మన ప్రాంతానిది. చెన్నై స్పేస్ కిడ్జ్ ఇండియాది ఒకటి, ఆర్మేనియా దేశపు బజూమ్‌క్యూది ఒకటి, తెనాలి ఎన్-స్పేస్‌టెక్‌ది మూడోది. రెండేళ్ల తర్వాత అదే తెనాలి సంస్థ తయారుచేసిన స్వేచ్ఛాశాట్ అనే రేడియో ట్రాన్స్‌మిటరు 2024 డిసెంబరు 30 రాత్రి పీఎస్ఎల్‌వీ-సీ60 మీద వెళ్లింది. ఆ రాకెట్టు ప్రధాన పని స్పేడెక్స్ జంట ఉపగ్రహాల్ని వదలడం. వదిలాక మిగిలిన నాలుగో దశని పారెయ్యకుండా, 350 కిలోమీటర్ల ఎత్తుకి దించి, దాన్నే తిరిగే ప్రయోగశాలగా వాడుకుంది ఇస్రో. దాని పేరు పోయెమ్-4. దాని మీద 24 పరికరాలు, అందులో 10 ఇస్రో బయటివాళ్లవి.

అలాంటి ట్రాన్స్‌మిటరు తయారుచెయ్యాలంటే చిన్న ఊళ్లో కూర్చున్న ఇంజనీరు తెర మీద ఏమేం చూసుకోవాలో ఆలోచించండి. 350 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వస్తువు భూమిని దాదాపు తొంభై ఒకటిన్నర నిమిషాలకోసారి చుట్టొస్తుంది. అందులో ముప్పావు గంటపైన ఎండ, అరగంటపైన చీకటి. కల్లంలో పరిచిన కాయకి వేడి ఎక్కువైతే గాలి తీసుకుపోతుంది. అక్కడ గాలి లేదు, కిందికి పోగొట్టడానికి నేల లేదు. వేడి వెలుగు రూపంలోనే బయటికి పోవాలి. కాబట్టి పెట్టె పైపూత నలుపా తెలుపా అన్నదాంతో లోపలి చిప్ బతుకు తేలుతుంది. రాకెట్టు లేచేటప్పుడు వచ్చే అదురు ఇంకోటి. ప్రతి పెట్టెకీ గుడి గంటకున్నట్టు సొంత స్వరం ఉంటుంది. రాకెట్టు స్వరం, పెట్టె స్వరం కలిశాయా, టంకం ఊడుతుంది. అందుకని పెట్టె గోడ మందాన్ని, స్క్రూల చోటుని తెర మీద మారుస్తూ దాని స్వరాన్ని పైకి జరుపుతారు, ఆ తర్వాత నిజం పెట్టెని అదురు బల్ల మీద పెట్టి పరీక్షిస్తారు.

ఆపైన రేడియో లెక్క. నెత్తిమీద ఉన్నప్పుడు దూరం 350 కిలోమీటర్లు. దిగంతం దగ్గర కనిపించినప్పుడు రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. దూరం ఆరు రెట్లయితే చేరే శక్తి ముప్పై ఆరో వంతుకి పడిపోతుంది. అందుకే నెత్తిమీద గట్టిగా వినిపించేది అంచున గుసగుసలా వస్తుంది. వేగం సెకనుకి 7.7 కిలోమీటర్లు కాబట్టి, 435 మెగాహెర్ట్జ్ దగ్గర పలికే రేడియో అయితే వచ్చేటప్పుడు పది కిలోహెర్ట్జ్ పైకి, పోయేటప్పుడు అంతే కిందికి జరిగి వినిపిస్తుంది, రైలు కూతలాగా. కింద వినేవాళ్లు ఆ జరుగుడుని వెంటాడుతూ రిసీవరుని తిప్పుతుండాలి. ఎన్ని నిమిషాలకి ఎంత తిప్పాలో కక్ష్య లెక్క ముందే చెబుతుంది. ఒక్కో దాటుకి దొరికే సమయం పది నిమిషాలు మించదు.

పోయెమ్-4 మీద ఇంకో పరికరం ఉంది, ఇస్రోదే. చిన్న డబ్బాలో మట్టివంటి పదార్థం, నీరు, వెలుగు అమర్చి ఎనిమిది బొబ్బర్లు పెట్టారు. బరువు తెలియని ఆ చోట వేరు ఎటు పోవాలో, మొలక ఎటు లేవాలో తెలుస్తుందా అని. నాలుగో రోజుకి గింజలు మొలకెత్తాయి. తర్వాత రెండాకులు విచ్చిన ఫోటో వచ్చింది. ఆ వారమంతా తెనాలి ట్రాన్స్‌మిటరూ, ఆ బొబ్బర మొక్కా ఒకే వేదిక మీద మన నెత్తిమీదుగా తిరిగాయి. కింద నల్లరేగడిలో అప్పటికి మిరప తొలి కోతలు మొదలయ్యాయి.

350 కిలోమీటర్ల ఎత్తున గాలి దాదాపు లేదంటాం గానీ, ఉన్న ఆ కాస్తా లాగుతూనే ఉంటుంది. సూర్యుడు రేగినప్పుడు పై వాతావరణం ఉబ్బి ఆ లాగుడు పెరుగుతుంది, తగ్గినప్పుడు తగ్గుతుంది. అక్కడ తిరిగే వస్తువు ఏ రోజు పడుతుందో నెల ముందు కచ్చితంగా చెప్పలేరు. రోజురోజుకీ రాడారుతో కొలిచి, మోడల్‌కి కొత్త అంకె ఇచ్చి, మళ్లీ నడిపి, తేదీని దగ్గర చేస్తూ పోతారు. అలా దిగుతూ దిగుతూ పోయెమ్-4 2025 ఏప్రిల్ 4 ఉదయం హిందూ మహాసముద్రం మీద గాలిలోకి దిగి ముగిసింది. ఆ ఉదయం మా ఊరి కల్లాల్లో ఆఖరి కోత కాయ ఎండుతోంది.